మనీలా చెప్పిన రెండు తీర్పులు

యుద్ధం ముగిశాక గెలిచినవారి ముందు ఓ ప్రశ్న నిలుస్తుంది. ఓడి, చేతికి చిక్కినవాడిని ఏం చేయాలి? ఒకే నగరంలో, ఒకే రక్తపాతానికి సంబంధించి, ఎనిమిదేళ్ల తేడాతో రెండు జవాబులు వచ్చాయి. ఒకటి ఉరి. మరొకటి క్షమ.

కురుక్షేత్రంలో పద్దెనిమిది రోజుల యుద్ధం ముగిసింది. అయినా ద్రౌపదిని ఎక్కువగా ఏడిపించింది ఆ యుద్ధం కాదు, అది అయిపోయాక వచ్చిన ఒక్క రాత్రి. నిద్రపోతున్న ఆమె బిడ్డలు అయిదుగురినీ అశ్వత్థామ గొంతులు కోసి చంపాడు. మర్నాడు అర్జునుడు అతణ్ని పట్టుకుని, కట్టి తెచ్చి ఆమె ముందు పడేశాడు. ఇప్పుడు చంపాలా, వదలాలా? భీముడు చంపాల్సిందే అన్నాడు. కడుపుకోత పడ్డ ద్రౌపది మాత్రం వదిలేయమంది. తనలాగే వాళ్లమ్మ కూడా ఏడవకూడదంది. చివరికి అతని తలమీది మణిని కోసి తీసుకుని, అవమానించి పంపేశారు. భాగవతం విన్న ప్రతి తెలుగింటికీ తెలిసిన కథే ఇది.

పురాణం కాబట్టి అలా జరిగింది, నిజజీవితంలో ఎవరు వదిలేస్తారు అనిపిస్తుంది. కానీ ఇరవయ్యో శతాబ్దంలోనే అలాంటి కథ ఒకటి నిజంగా జరిగింది. ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో.

ఫిబ్రవరిలో ఓ రోజు...

అది 1945 ఫిబ్రవరి 9. మూడేళ్లుగా జపాన్ చేతిలో ఉన్న మనీలాను తిరిగి దక్కించుకోవడానికి అమెరికా సేనలు నగరంలోకి వచ్చి అప్పటికి ఆరు రోజులు. వీధి వీధినా పోరు. ఎర్మిటా ప్రాంతంలో ఎల్పీడియో క్విరినో అనే రాజకీయ నాయకుడి కుటుంబం ఉండేది. ఇంట్లో ఉంటే బతకమనుకుని ఆయన భార్య అలీసియా పిల్లల్ని తీసుకుని తన తల్లి ఉంటున్న ఇంటివైపు పరుగు తీసింది. దారిలోనే జపాన్ సైనికుల తుపాకులకు బలైపోయింది. ఆమెతోపాటు ముగ్గురు పిల్లలు కూడా. అందరికన్నా చిన్నది ఫే. దానికి రెండేళ్లు.

క్విరినో బతికాడు. అయిదుగురు పిల్లల్లో ఇద్దరు మిగిలారు.

ఆ నెలరోజుల్లో మనీలాలో చనిపోయిన సామాన్యులు సుమారు లక్షమంది అని అంచనా. అందరినీ జపానీయులే చంపలేదు. అమెరికా ఫిరంగి గుండ్లకూ వేలమంది బలయ్యారు. కానీ ఆసుపత్రుల్లో, చర్చిల్లో, బడుల్లో తలదాచుకున్న జనాన్ని పోగేసి కాల్చడం, తగలబెట్టడం, ఆడవాళ్లను చెరచడం... ఇవన్నీ జపాన్ బలగాలు చేసిన పనులు. ఇందులో వివాదమేమీ లేదు. రెండో ప్రపంచయుద్ధంలో అంతగా ధ్వంసమైన నగరాల్లో మనీలా ఒకటి.

మార్చి 3 నాటికి పోరు ముగిసింది. ఇక లెక్క తేల్చాలి. ఇంత ఘోరానికి ఎవరు బాధ్యులు?

కొండ దిగివచ్చిన పులి

వేళ్లన్నీ ఒకే మనిషివైపు తిరిగాయి. జనరల్ టొమొయుకి యమషితా. ఫిలిప్పీన్స్‌లోని జపాన్ సైన్యానికి అధిపతి.

ఆ పేరు అప్పటికే ప్రపంచానికి తెలుసు. షికోకు దీవిలోని ఓ కొండ పల్లెలో, పల్లె వైద్యుడి ఇంట 1885లో పుట్టాడు. 1941 డిసెంబరులో మలయా తీరంలో దిగి, సైకిళ్ల మీద సైనికుల్ని తోలుకుంటూ 70 రోజుల్లో సింగపూర్ చేరాడు. 1942 ఫిబ్రవరి 15న తనకన్నా రెట్టింపు బలగమున్న బ్రిటిష్ జనరల్ పెర్సివల్ చేత లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టించాడు. నిజానికి అప్పటికి ఆయన దగ్గర మందుగుండు అడుగంటింది. ఆ సంగతి బయటపడనివ్వకుండా బల్లగుద్ది గెలిచాడు. ‘మలయా పులి’ అన్న పేరు అప్పుడొచ్చింది. ఆనాడు లొంగిపోయిన వారిలో వేలాది భారతీయ సైనికులున్నారు. ఆజాద్ హింద్ ఫౌజ్ తొలి దళాలు వాళ్లలోంచి పుట్టినవే.

అయితే ఆ విజయం వెంటే మరో మరక కూడా ఉంది. సింగపూర్ చేజిక్కాక జపాన్ సైన్యం అక్కడి చైనీయుల్ని ఏరి ఏరి చంపింది. చనిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. అప్పుడు ఆ సైన్యానికి అధిపతి యమషితాయే. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

అంత పేరొచ్చినా సొంత ప్రభుత్వానికి ఆయనంటే గిట్టలేదు. టోక్యోలో చక్రవర్తి దర్శనానికి కూడా రానివ్వకుండా 1942లోనే మంచూరియాకు పంపేశారు. మళ్లీ గుర్తొచ్చింది ఓటమి అంచున. 1944 అక్టోబరులో ఫిలిప్పీన్స్ అప్పగించారు. ఆయన మనీలాలో దిగిన కొద్దిరోజులకే, అక్టోబరు 20న, అమెరికా సేనలు లేటె దీవిలో దిగాయి.

మనీలాను నిలబెట్టుకోవడం అసాధ్యమని యమషితా లెక్క. పది లక్షలకు పైగా జనం, చదునైన నేల, మండిపోయే ఇళ్లు. అందుకే తన ప్రధాన సైన్యంతో ఉత్తరాన బాగియో కొండల్లోకి వెళ్లిపోయాడు. నగరాన్ని ఖాళీ చేయమని ఆదేశాలిచ్చాడు. కానీ రియర్ అడ్మిరల్ సాంజి ఇవబుచి కింద 16 వేలకు పైగా బలగం, ఎక్కువగా నేవీ వాళ్లు, అక్కడే ఉండిపోయి చివరిదాకా పోరాడారు. లక్షమంది చావుకు వేదికైంది ఆ పోరే. ఇవబుచి అక్కడే ప్రాణం తీసుకున్నాడు. బోనులో నిలబెట్టడానికి ఆయన లేడు.

1945 సెప్టెంబరు 2న టోక్యో అఖాతంలో జపాన్ లొంగిపోయిన రోజే యమషితా కూడా కొండ దిగాడు. మర్నాడు బాగియోలో లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లలో ఓ తెల్లటి, బక్కపలచటి మనిషి. జనరల్ పెర్సివల్! మూడున్నరేళ్లు జపాన్ చెరలో మగ్గిన ఆయన్ను, ఈ దృశ్యం చూడటానికని ప్రత్యేకంగా విమానంలో తెచ్చారు.

123 అభియోగాలు, అయిదుగురు జనరల్స్

సెప్టెంబరు 25న యమషితాకు అభియోగపత్రం ఇచ్చారు. అక్టోబరు 29న మనీలాలో, ఒకప్పుడు అమెరికా హైకమిషనర్ నివాసంగా ఉన్న భవనంలో విచారణ మొదలైంది. కుర్చీలు చాలక జనం నిలబడి చూశారు. అభియోగం సారాంశం ఒక్క వాక్యం. తన కింది సైనికుల్ని అదుపులో పెట్టాల్సిన బాధ్యతను సేనాపతిగా యమషితా నెరవేర్చలేదు. అందువల్ల ఘోరాలు జరిగాయి.

గమనించాల్సిన విషయం ఇక్కడే ఉంది. ఆయన చంపాడనలేదు. చంపమన్నాడని కూడా అనలేదు. ఆపలేదన్నారు. అప్పటిదాకా యుద్ధ చట్టాల్లో ఇంత సూటిగా ఇలాంటి నేరం మోపిన సందర్భం లేదు.

న్యాయమూర్తులుగా కూర్చున్నది అయిదుగురు అమెరికా జనరల్స్. ఒక్కరూ లాయరు కాదు. వాళ్లను నియమించింది జనరల్ మెకార్థర్. విచారణ నిబంధనలు రాయించిందీ ఆయనే. తీర్పును ఖరారు చేయాల్సిందీ ఆయనే. 1942లో జపాన్ తరిమితే ఫిలిప్పీన్స్ వదిలి వెళ్లాల్సి వచ్చినవాడు, మనీలాలో సొంత ఇల్లు కాలిపోయినవాడు కూడా ఆయనే.

మామూలు కోర్టుల్లో ‘ఫలానావాడు చెప్పగా విన్నాను’ అంటే సాక్ష్యం కింద తీసుకోరు. ఇక్కడ తీసుకున్నారు. ఎదురు ప్రశ్న వేయడానికి మనిషి లేని కాగితం వాంగ్మూలాలనూ ఒప్పుకున్నారు. మొదట 64 అంశాలున్న అభియోగాల జాబితాకు విచారణ మొదలయ్యే వేళకు మరో 59 చేర్చారు. వాటికి సిద్ధం కావడానికి గడువు ఇమ్మని డిఫెన్స్ లాయర్లు వేడుకుంటే కుదరదన్నారు.

ఆ డిఫెన్స్ లాయర్లు ఎవరనుకున్నారు? అమెరికా సైన్యంలోని ఆఫీసర్లే. శత్రు సేనాపతి తరఫున వాదించమని పై నుంచి ఆదేశమొచ్చింది. ఏదో మొక్కుబడిగా వాదించి చేతులు దులుపుకోవచ్చు. వాళ్లలా చేయలేదు. కెప్టెన్ ఫ్రాంక్ రీల్, ఆయన సహచరులు తమ ఉద్యోగాలకు అధిపతైన మెకార్థర్ నిబంధనలనే తప్పుపట్టారు. సొంత అన్న కోసం వాదించినట్టు వాదించారు.

286 మంది సాక్షులు వచ్చారు. ముఖం నిండా బాయొనెట్ గాట్లున్న పిల్లలు, కుటుంబమంతా పోయి ఒంటరిగా మిగిలిన స్త్రీలు. ఒక్కొక్కరూ తమ ఒంటి మీది మచ్చలు చూపిస్తుంటే హాలంతా నిశ్శబ్దం. యమషితా తలవంచుకుని విన్నాడు. ఆ ఘోరాలు జరగలేదని డిఫెన్స్ ఎప్పుడూ అనలేదు. ఆ కన్నీళ్లలో ఒక్కటీ అబద్ధం కాదు. కానీ వాటినీ ఈ మనిషినీ కలిపే దారమేది అన్నదే వాళ్ల ప్రశ్న.

ఆ దారం దొరికిందని ప్రాసిక్యూషన్ ఓసారి సంబరపడింది. ఫిలిప్పీన్స్ పాత తిరుగుబాటు నాయకుడు ఆర్టెమియో రికార్టేతో యమషితా ‘ఫిలిప్పినోలందర్నీ చంపమన్నాను’ అని చెప్పాడట. ఆ సంగతి రికార్టే తనకు చెప్పాడని ఓ సాక్షి అన్నాడు. రికార్టే అప్పటికే చనిపోయాడు. ఆ మాటలకు దుబాసీగా ఉన్నది రికార్టే మనవడు, పన్నెండు పదమూడేళ్ల కుర్రాడని కూడా ఆ సాక్షే చెప్పాడు. డిఫెన్స్ ఆ కుర్రాణ్ని వెతికి పట్టుకుని బోనులో నిలబెట్టింది. ‘అలాంటి మాటే జరగలేదు’ అన్నాడు వాడు. దారం తెగిపోయింది.

యమషితా వాదన సులువుగా అర్థమయ్యేదే. తానున్నది నగరానికి 250 కిలోమీటర్ల దూరంలో, కొండల్లో. అమెరికా బాంబులకు వైర్లెస్సులు, దారులు దెబ్బతిన్నాయి. నేవీ బలగాలు తన కిందికి వచ్చింది పోరు మొదలవడానికి కొద్దివారాల ముందు, అదీ పోరాటం మేరకే. వాళ్లు నగరంలోనే ఉన్నారని తెలిశాక వెనక్కి రమ్మన్నాడు. అప్పటికే ముట్టడిలో ఉన్నారు.

ప్రాసిక్యూషన్ జవాబు కూడా తీసిపారేయదగ్గది కాదు. ఒకటీ అరా అయితే తెలియలేదనొచ్చు. దీవి దీవినా, నెలల తరబడి, ఒకే పద్ధతిలో సాగితే సేనాపతికి తెలియకుండా ఎలా ఉంటుంది? బటాంగాస్ రాష్ట్రంలో ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టింది నేవీ కాదు, ఆయన సొంత సైన్యమే. గెరిల్లాలను అణచమని ఆదేశాలిచ్చింది ఆయనే. తెలియకపోతే తెలుసుకోవాల్సింది. తెలుసుకోవాలనుకోకపోవడమూ నేరమే కదా!

ప్రజల పాపం రాజుకు, శిష్యుడి పాపం గురువుకు అంటుకుంటాయని మన పెద్దల మాట. ఇంట్లో పిల్లవాడు తప్పుచేస్తే ఊరు తండ్రినే నిలదీస్తుంది. కానీ ఊరు నిలదీయడం వేరు, ఉరితీయడం వేరు.

డిసెంబరు ఏడు

తీర్పు 1945 డిసెంబరు 7న వచ్చింది. పెర్ల్ హార్బర్ దాడికి సరిగ్గా నాలుగేళ్లు నిండిన రోజు. ఆ తేదీ యాదృచ్ఛికమని నమ్మినవాళ్లు తక్కువ. శిక్ష ఉరి. యమషితా స్వయంగా ఆదేశించాడని తీర్పులో లేదు. పరిస్థితులకు తగినట్టు అదుపు చేయలేకపోయాడని ఉంది. విచారణను మొదట్నుంచీ చూసిన 12 మంది విదేశీ విలేకరులు తమలో తాము ఓట్లు వేసుకుంటే పన్నెండూ యమషితా వైపే పడ్డాయని ఫ్రాంక్ రీల్ తర్వాత తన పుస్తకంలో రాశాడు.

రీల్ బృందం అక్కడితో ఆగలేదు. వాషింగ్టన్ వెళ్లి అమెరికా సుప్రీంకోర్టు తలుపు తట్టింది. ఓ శత్రు జనరల్ కోసం అమెరికా కెప్టెన్లు సొంత దేశపు అత్యున్నత న్యాయస్థానంలో నిలబడ్డారు. 1946 ఫిబ్రవరి 4న తీర్పు వెలువడింది. ప్రధాన న్యాయమూర్తి స్టోన్‌తో సహా ఆరుగురు సైనిక కమిషన్‌ను సమర్థించారు. ఇద్దరు కాదన్నారు. ఫ్రాంక్ మర్ఫీ, వైలీ రట్లెడ్జ్.

వీళ్లలో మర్ఫీ సంగతి చెప్పుకోవాలి. ఆయన ఫిలిప్పీన్స్‌కు పరాయివాడు కాదు. 1933 నుంచి అక్కడ గవర్నర్ జనరల్‌గా, ఆ తర్వాత తొలి అమెరికా హైకమిషనర్‌గా పనిచేశాడు. ఆ ప్రజలంటే ఆయనకు ప్రాణం. మనీలా శవాల దిబ్బ అయిందని విని కుమిలిపోవడానికి ఆయనకన్నా ఎక్కువ కారణం ఉన్న జడ్జి ఆ కోర్టులో మరొకరు లేరు. అయినా ఆయనే రాశాడు. ఆయన మాటల సారాంశం ఇది... మీ సైన్యాన్ని, మీ సమాచార మార్గాలను ధ్వంసం చేయడానికి మేం శాయశక్తులా ప్రయత్నించి గెలిచాం. ఇప్పుడు ఆ ధ్వంసం వల్లే మీరు సైనికుల్ని అదుపు చేయలేకపోతే, అదే నేరమంటున్నాం. ఇది న్యాయం కాదు, పగ. శత్రువుకు దక్కని న్యాయం రేపు మనకు మాత్రం దక్కుతుందా అన్నది రట్లెడ్జ్ బెంగ.

అధ్యక్షుడు ట్రూమన్ జోక్యం చేసుకోనన్నాడు. మెకార్థర్ తీర్పును ఖరారు చేస్తూ మరో ముక్క కలిపాడు. సైనిక దుస్తులు, పతకాలు తీసేశాకే ఉరితీయాలని. 1946 ఫిబ్రవరి 23 తెల్లవారుజామున, మనీలాకు దక్షిణాన లాస్ బానోస్‌లో యమషితా ఉరికంబం ఎక్కాడు. చివరి మాటల్లో తన తరఫున వాదించిన అమెరికా ఆఫీసర్లకు కృతజ్ఞతలు చెప్పుకున్నాడు.

మణి తీసుకున్నారు. ప్రాణం కూడా తీసుకున్నారు.

సరిగ్గా యమషితా విచారణ నడుస్తున్న రోజుల్లోనే, 1945 నవంబరులో, మన ఢిల్లీ ఎర్రకోటలో మరో సైనిక కోర్టు కూర్చుంది. ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు షానవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్ అందులో ముద్దాయిలు. ఆ కేసు వేరు, ఆ మనుషులు వేరు. కానీ గెలిచినవాడే ఫిర్యాది, గెలిచినవాడే జడ్జి అయితే ఎలా ఉంటుందో ఆ చలికాలం మనదేశం కూడా దగ్గర్నుంచి చూసింది. ద్వీపాంతర శిక్ష వేసి కూడా, దేశం భగ్గుమనడంతో 1946 జనవరి మొదట్లో దాన్ని రద్దుచేసి వదిలేయాల్సి వచ్చింది.

జైల్లో పుట్టిన పాట

యమషితాతో విచారణలు ఆగలేదు. బటాన్ మృత్యుయాత్రకు బాధ్యుడిగా జనరల్ హొమ్మాను 1946 ఏప్రిల్ 3న కాల్చి చంపారు. ఆ ఏడాది జులైలో ఫిలిప్పీన్స్ స్వతంత్ర దేశమైంది. 1947 నుంచి ఆ దేశమే తన సైనిక కమిషన్లు పెట్టుకుని జపాన్ నిందితులను విచారించింది. ఈసారి జడ్జిలు ఫిలిప్పినోలు. ముద్దాయిలకు ఫిలిప్పినో లాయర్లనూ ఇచ్చారు.

శిక్షపడ్డవాళ్లందర్నీ మనీలా దగ్గరి ముంటిన్‌లుపా జైల్లో ఉంచారు. అందులో చాలామందికి మరణశిక్ష. రోజులు నెలలయ్యాయి, నెలలు ఏళ్లయ్యాయి. 1951 జనవరి 19న ఒక్కరోజే 14 మందిని ఉరితీశారు. మిగిలినవాళ్లకు ప్రతి రాత్రీ ఆఖరి రాత్రే అయింది. ఆ రాత్రుల్లోనే ఇద్దరు ఖైదీలు ఓ పాట కట్టారు. ఒకరు మాటలు రాస్తే మరొకరు బాణీ కూర్చారు. ఇంటిమీద బెంగతో, తల్లిని తలచుకుంటూ సాగే ఆ పాటను 1952లో జపాన్ గాయని హమాకో వతనబె పాడితే దేశమంతా ఏడ్చింది. ఆ ఏడాది చివర్లో ఆమె ముంటిన్‌లుపా జైలుకే వెళ్లి ఖైదీల ముందు పాడింది.

అప్పుడు ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు ఎవరో తెలుసా? ఎల్పీడియో క్విరినో! 1945 ఫిబ్రవరిలో భార్యనీ ముగ్గురు బిడ్డల్నీ పోగొట్టుకున్న ఆ మనిషే. 1948లో అధ్యక్షుడు రోహాస్ హఠాత్తుగా చనిపోవడంతో ఉపాధ్యక్షుడిగా ఉన్న ఆయన పగ్గాలు చేపట్టాడు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అధ్యక్ష భవనంలో ‘ప్రథమ మహిళ’ బాధ్యతలు చూసింది, బతికి బయటపడ్డ కూతురు విక్టోరియా.

ఆ పాట స్వరం వినిపించే ఓ చిన్న మ్యూజిక్ బాక్సు 1953లో క్విరినో చేతికి వచ్చింది. జైల్లో ఖైదీలకు ధైర్యం చెబుతూ వచ్చిన జపాన్ బౌద్ధ గురువు దాన్ని ఆయనకు అందజేశారు. మూత తెరిచి, మౌనంగా విన్నాడు.

అందరికన్నా ఆఖరున ఉండాల్సినవాడు

1953 జులైలో, వైద్యం కోసం అమెరికాలోని బాల్టిమోర్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, క్విరినో నిర్ణయం ప్రకటించాడు. వందమందికి పైగా ఉన్న జపాన్ ఖైదీల్లో మరణశిక్ష పడ్డవాళ్లకు దాన్ని యావజ్జీవానికి తగ్గించి, జపాన్‌లోని సుగామో జైలుకు పంపుతారు. మిగిలినవాళ్లను క్షమించి ఇంటికి పంపేస్తారు. పదవి దిగిపోయే ముందు, ఆ డిసెంబరు చివర్లో, సుగామోలో ఉన్నవాళ్లకూ విముక్తి ఇచ్చాడు.

దాంతోపాటు ఆయన ఓ ప్రకటన చేశాడు. జపానీయులు తన భార్యను, ముగ్గురు బిడ్డలను, కుటుంబంలో మరో అయిదుగురిని చంపారని, వాళ్లను క్షమించాల్సి వస్తే అందరికన్నా ఆఖరున ఉండాల్సినవాడు తానేనని చెప్పాడు. అయినా ఎందుకు చేస్తున్నాడు? తన పిల్లలకూ తన ప్రజలకూ ద్వేషాన్ని వారసత్వంగా ఇవ్వడం ఇష్టంలేదన్నాడు. రేపు మిత్రులు కాగలిగినవాళ్ల మీద ఆ ద్వేషం దేశానికి మేలు చేయదన్నాడు.

ఇందులో రాజకీయం లేదా? ఉంది. యుద్ధ నష్టపరిహారం గురించి జపాన్‌తో బేరసారాలు సాగుతున్నాయి. పొరుగుదేశంతో ఎప్పటికైనా వ్యాపారం చేయక తప్పదు. ఆ సంగతి ఆయన దాచలేదు. కానీ అదే ఏడాది నవంబరులో ఎన్నికలున్నాయి. గాయాలింకా పచ్చిగా ఉన్న దేశంలో అలాంటి ప్రకటన ఓట్లు తెచ్చేది కాదు. క్విరినో ఆ ఎన్నికల్లో ఓడిపోయాడు. అవినీతి ఆరోపణలు సహా దానికి వేరే కారణాలు బోలెడున్నాయి. 1956లో ఆయన చనిపోయాడు. అరవై ఏళ్ల తర్వాత, 2016లో, టోక్యో హిబియా పార్కులో ఆయన పేరిట స్మారక ఫలకం వెలిసింది.

ఇక్కడో ముల్లు ఉంది. తన భార్యాబిడ్డల హంతకుల్ని క్షమించే హక్కు క్విరినోకు ఉంది. మరి పక్కింటివాళ్ల బిడ్డల సంగతి? ఆ లక్షమంది తరఫున క్షమించమని ఆయన్ను ఎవరడిగారు? మనీలాలో చాలామంది ఆ మాట అన్నారు, వాళ్లది తప్పనలేం. ద్రౌపది వదిలేయమన్నది కూడా తన బిడ్డల్ని చంపినవాణ్నే. ఆ రాత్రి శిబిరంలో చనిపోయిన మిగతా సైనికుల తల్లుల్ని ఎవరూ అడగలేదు.

పులి వదిలిన ప్రశ్న

యమషితా పోయినా ఆయన కేసు పోలేదు. సేనాపతి బాధ్యత ఎంతవరకు అన్న ప్రశ్న యుద్ధం జరిగిన ప్రతిచోటా లేస్తూనే ఉంది. 1968 మార్చి 16న వియత్నాంలోని మైలాయ్ గ్రామంలో అమెరికా సైనికులు వందలమంది నిరాయుధుల్ని చంపారు. యమషితాకు పెట్టిన కొలతే పెడితే తమ జనరల్స్ ఎంతమంది బోనెక్కాలి అని అమెరికాలోనే అడిగారు. అడిగినవాళ్లలో నూరెంబర్గ్‌లో నాజీల మీద ప్రాసిక్యూటర్‌గా పనిచేసిన టెల్ఫోర్డ్ టేలర్ కూడా ఉన్నాడు. కానీ కొలత మారిపోయింది. ఆ దళానికి కెప్టెన్ అయిన మెడీనా విషయంలో ‘నిజంగా తెలిసి ఉండాలి’ అన్నారు. 1971లో ఆయన నిర్దోషిగా బయటికొచ్చాడు. శిక్షపడిన ఏకైక వ్యక్తి లెఫ్టినెంట్ కేలీ. యావజ్జీవం వేసి, తర్వాత తగ్గించారు. ఆ శిక్షలో ఎక్కువకాలం గృహనిర్బంధంలోనే గడిచింది.

పరాయివాడికి ఓ తక్కెడ, మనవాడికి ఓ తక్కెడ. మర్ఫీ భయపడింది దీనికే.

అయినా ఆ కేసు ఊరికే పోలేదు. ఆ చర్చలోంచే స్పష్టమైన సూత్రం వచ్చింది. 1977లో జెనీవా ఒప్పందాలకు చేర్చిన ప్రొటోకాల్, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును ఏర్పాటుచేసిన 1998 నాటి రోమ్ ఒప్పందం... రెండింటిలోనూ ఉంది. కిందివాళ్లు నేరం చేస్తున్నారని తెలిసీ, లేదా తెలిసి ఉండాల్సిన పరిస్థితిలో ఉండీ, ఆపడానికి చేతనైన చర్య తీసుకోని అధిపతి కూడా దోషే. ‘చేతనైన’ అన్న ఆ ఒక్క మాట 1945లో మనీలాలో ఉండి ఉంటే విచారణ మరోలా నడిచేదేమో. లేక బటాంగాస్ ఘోరాలకే అదే శిక్ష పడేదేమో. చెప్పలేం.

ఆ సూత్రం చేతిలో ఉన్నా దారి సులువు కాలేదు. కాంగో మాజీ ఉపాధ్యక్షుడు జీన్ పియరీ బెంబా బలగాలు 2002, 2003ల్లో మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో హత్యలు, అత్యాచారాలు చేశాయి. అధిపతిగా అంతర్జాతీయ కోర్టు 2016లో ఆయనకు 18 ఏళ్ల జైలు వేసింది. 2018 జూన్‌లో అదే కోర్టు అప్పీలు ధర్మాసనం ముగ్గురు, ఇద్దరుగా చీలి విడుదల చేసింది. దూరంగా వేరే దేశంలో ఉన్న అధిపతి ఏం చేయగలడన్నది సరిగా తూచలేదంది. అయిదు వేలమందికి పైగా బాధితులు ఆ కేసులో భాగస్వాములు. ఒకప్పుడు తొందరపడి ఉరితీశారు. ఇప్పుడు ఆలోచించి వదిలేశారు. రెండుసార్లూ నష్టపోయినవాళ్లు మాత్రం అక్కడే మిగిలారు.

మనీలాలోని ఇంట్రమురోస్ కోటలో ఓ చిన్న కూడలి ఉంది. అక్కడ ఓ తల్లి విగ్రహం. ముఖం మీద ముసుగు, ఒడిలో చనిపోయిన పసిబిడ్డ, చుట్టూ పడిపోయిన మనుషులు. 1945 ఫిబ్రవరిలో పోయిన సామాన్యుల కోసం 1995లో పెట్టిన స్మారకం అది. ఏటా ఫిబ్రవరిలో అక్కడ పూలు పెడతారు. ఆ తల్లి ఎవరికి శిక్ష పడాలంటుందో, ఎవర్ని వదిలేయమంటుందో రాతి ముఖం చెప్పదు.

ఒడిలోని బిడ్డకు మాత్రం రెండేళ్లకు మించి ఉండవు.